కొలిచేది టవరా, ఫోనా?

2010 జూలైలో ఆపిల్ సంస్థ ఒక విచిత్రమైన తప్పు ఒప్పుకుంది. ఐఫోన్ 4 చేత్తో పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని జనం గోల పెడుతున్న రోజులవి. ఫోన్ తలమీద గీతలు ఎన్ని చూపించాలో లెక్కగట్టే సూత్రమే తప్పని, చాలా సందర్భాల్లో ఉండాల్సిన వాటికన్నా రెండు గీతలు ఎక్కువ చూపిస్తున్నామని ఆ సంస్థ బహిరంగ లేఖ రాసింది. నిజానికి ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలో ఏ ప్రమాణమూ శాసించదు. అది ఫోన్ తయారుచేసినవాడి ఇష్టం. మనం 'టవర్ ఫుల్లుగా ఉంది' అని సంబరపడేది ఆ ఇష్టాన్ని చూసే.

గీతల వెనక దాగిన కొలత మాత్రం అలా ఇష్టం వచ్చినట్టు ఉండదు. దాని ప్రమాణం డీబీఎం. రెండో తరం జీఎస్‌ఎం ఫోన్లు మైనస్ 110 నుంచి మైనస్ 48 డీబీఎం దాకా ఉన్న సిగ్నల్‌ను 64 మెట్లుగా విడగొట్టి కొలుస్తాయి. మైనస్ 110 అంటే ఒక వాట్ శక్తిని కోటి కోట్ల భాగాలు చేస్తే వచ్చే ఒకే ఒక్క భాగం. జేబులో పెట్టుకుని తిరిగే వస్తువు అంత సన్నటి శక్తిని తూచి, మాట్లాడుతున్నంతసేపూ అర సెకను తిరక్కుండానే ఆ లెక్క టవర్‌కి పంపుతూ ఉంటుంది.

ఈ కొలతల మీద పేటెంట్లు కుప్పలుగా ఉన్నాయి. వాటిని కొట్టేయమని వేసే కేసులూ తక్కువేం కాదు. కేసు వేసినవాడి వాదన దాదాపు ప్రతిసారీ ఒకటే: రేడియో అన్నాక సిగ్నల్ బలం కొలవడం ఎవరికైనా తట్టేదే కదా, ఇందులో కనిపెట్టిందేముంది? పేటెంట్‌కి వస్తువు కొత్తదైతే చాలదు. ఆ రంగంలో పనిచేసే మామూలు నిపుణుడికి ఇట్టే తట్టేది కూడా కాకూడదు. మన 1970 నాటి పేటెంట్ల చట్టంలోనూ ఈ షరతు ఉంది. నా మటుకు నాకు ఈ చిక్కుముడి విప్పాలంటే చట్టం పుస్తకం కన్నా ముందు ఆ కొలత పుట్టి పెరిగిన కథ చూడాలనిపిస్తుంది.

1880ల చివర్లో జర్మనీలోని కార్ల్స్‌రూలో హైన్రిక్ హెర్ట్జ్ రేడియో తరంగాలను మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆయన పరికరం ఒక తీగ చుట్ట, దాని కొసల మధ్య వెంట్రుకంత సందు. ఆ సందులో నిప్పురవ్వ మెరిస్తే తరంగం వచ్చినట్టు. 1890లో ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ బ్రాన్లీ గాజు గొట్టంలో లోహపు రజను పోసి చూశాడు. తరంగం తగలగానే రజను అతుక్కుని కరెంటును పోనిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆలివర్ లాడ్జ్ దానికి కొహీరర్ అని పేరు పెట్టాడు. దాంతో ఒక తంటా ఉంది. ఒకసారి అతుక్కున్న రజను తనంతట తాను విడిపోదు, గొట్టాన్ని తట్టాలి. అది ఉందో లేదో చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పదు.

కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ పట్టుకున్న గెలీనా, అంటే సీసం దొరికే ఖనిజపు స్ఫటికం, తట్టనక్కర్లేకుండా తనంతట తానే మామూలు స్థితికి వస్తుంది. పేటెంట్లంటే బోస్‌కి గిట్టదు. స్నేహితురాలు సారా బుల్ పట్టుబట్టడం వల్లే 1901లో అమెరికాలో దరఖాస్తు చేశాడు. 1904లో వచ్చిన ఆ పేటెంట్‌ను సెమీకండక్టర్ పరికరానికి తొలి పేటెంట్‌గా చెబుతారు. అందులో సగం వాటా సారా బుల్ పేరిటే ఉంది.

అదే ఏడాది అమెరికాలో మార్కోనీకి దక్కిన ఒక పేటెంట్ 39 ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టులో కూలిపోయింది. బ్రిటన్‌లో 7777 నంబరుతో పేరుపడ్డ ఆవిష్కరణ అది. పంపే పరికరంలో రెండు సర్క్యూట్లు, అందుకునే దానిలో రెండు, నాలుగింటినీ ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేయడం దాని సారం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తమ పరికరాలు వాడుకున్నందుకు మార్కోనీ కంపెనీ ప్రభుత్వం మీద దావా వేసింది. 1943 జూన్‌లో తీర్పు వచ్చింది. లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ స్టోన్ అప్పటికే చేసి చూపించినవాటికి మార్కోనీ కలిపింది ఆవిష్కరణ అనదగ్గది కాదని ప్రధాన న్యాయమూర్తి రాశారు. ఆయన పేరు కూడా స్టోనే, చుట్టరికం వెతక్కండి. ఈ తీర్పుతో 'రేడియోను కనిపెట్టింది టెస్లాయేనని కోర్టు తేల్చింది' అనే కథ తెగ తిరుగుతోంది. కోర్టు ఆ మాట అనలేదు. రేడియో ప్రసారాన్ని మొదట విజయవంతంగా సాధించినవాడిగా మార్కోనీ పేరు అంతకుముందటి అసలు పేటెంట్ మీద నిలబడి ఉందని, దాని జోలికి తాము పోవడం లేదని తీర్పులోనే ఉంది.

నాకు ఆ తీర్పులో నచ్చింది మాత్రం విభేదించిన జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ గొంతు. విప్పాక ప్రతి పొడుపు కథా తేలికే. మహామహులకే తట్టనిదాన్ని ఒకరు చూపించాక, వెనక్కి తిరిగి చూసి ఇది తెలిసిందేగా అనడం న్యాయం కాదన్నది ఆయన అభ్యంతరం.

సరే, మళ్లీ కొలత దగ్గరికి. ఊరంతటికీ ఒకే పెద్ద టవర్ బదులు చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టాలన్న ఆలోచన బెల్ ల్యాబ్స్‌లో 1947లోనే కాగితం మీదికి వచ్చింది. అందులో అసలు చిక్కు ఏమిటంటే, కారులో పోతూ మాట్లాడేవాడు ఒక సెల్ దాటి ఇంకో సెల్‌లోకి వెళ్తే మాట తెగకూడదు. ఆ పని ఎలా చేయాలో చెప్పిన ఏమస్ జోయెల్ రేడియో మనిషి కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నిపుణుడు. 1972లో ఆయనకు పేటెంట్ వచ్చింది. 1983 అక్టోబరులో షికాగోలో వాణిజ్య సేవ మొదలైనప్పుడు కొలిచే పనంతా టవర్లదే. ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ నీరసించగానే ఎక్స్ఛేంజీ చుట్టుపక్కల టవర్లను 'ఈ ఫోన్ మీకెంత వినిపిస్తోంది' అని అడుగుతుంది. ఆ పని కోసమే ప్రతి టవర్లో విడిగా ఒక రిసీవర్. ఎవరికి బాగా వినిపిస్తే కాల్ వాళ్లకి.

ఇక్కడే ఎవరైనా అడగచ్చు, ఫోన్‌నే కొలవమంటే పోలేదా అని. పోదు. ఆ అనలాగ్ ఫోన్ తన ఛానెల్ మీద ఎడతెరిపి లేకుండా వింటూ పంపుతూ ఉంటుంది. పక్క టవర్ ఎలా ఉందో చూడ్డానికి దానికి తీరికేదీ? ఇంకో రిసీవర్ పెడితే ఖర్చు, బరువు.

ఆ తీరిక 1991లో ఫిన్లండ్‌లో సేవ మొదలుపెట్టిన జీఎస్‌ఎంలో దొరికింది. ఒకే ఛానెల్‌ను ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటారు. ఒక చుట్టు 4.615 మిల్లీ సెకన్లు, అందులో ఫోన్ వినేది ఒక వంతు, పలికేది ఒక వంతు. మిగిలిన కాలం ఖాళీ. ఆ ఖాళీలో ఫోన్ పక్క టవర్ల ఫ్రీక్వెన్సీకి మారి ఒక్క క్షణం విని, కొలుచుకుని, తన వంతు వచ్చేలోగా వెనక్కి వచ్చేస్తుంది. ఇలా పోగేసిన లెక్కలో తన టవర్‌తో పాటు గట్టిగా వినిపించిన ఆరు పక్క టవర్ల వివరాలుంటాయి, 480 మిల్లీ సెకన్లకోసారి రిపోర్టు వెళ్తుంది.

ఇంతేనా అంటే కాదు. ఖాళీ దొరికింది కదా అని కొలిస్తే వచ్చేది తప్పు లెక్క. 900 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. గోడలకు, బస్సులకు తగిలి వచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి చంపుకునే చోట, ఫోన్ జానెడు జరిగినా బలం వంద రెట్లు పడిపోవచ్చు. కాబట్టి ఒక్క కొలతను నమ్మకూడదు, సగటు తీయాలి. ఎక్కువసేపు సగటు తీస్తే ఈలోగా కాల్ తెగుతుంది. పక్క టవర్ వాడేవాళ్లు లేక మౌనంగా ఉంటే దాన్ని కొలవడమెలా? అందుకని ప్రతి టవర్ ఒక ఫ్రీక్వెన్సీని ఎవరూ మాట్లాడకపోయినా ఉత్తుత్తి సంకేతాలతో నింపి, ఒకే శక్తితో ఎప్పుడూ పంపుతూ ఉండాలి. అదే ఫ్రీక్వెన్సీని దూరాన ఇంకో టవర్ కూడా వాడుతుంది. విన్నది దగ్గరదో దూరందో తేల్చుకోవడానికి దాని గుర్తింపు కోడ్ చదవాలి, దానికోసం 26 చుట్లకొకటి ఖాళీగా వదిలారు. పక్క టవర్ ఒక్క మెట్టు ఎక్కువ వినిపించగానే కాల్ మార్చేస్తే, సరిహద్దులో నిలబడ్డవాడి కాల్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కనుక ఇంత తేడా ఉంటేనే మారాలని ఒక హద్దు పెట్టాలి.

'సిగ్నల్ కొలవడం' అన్న రెండు మాటల్లో ఇవేవీ వినిపించవు. కొలవాలన్న కోరిక హెర్ట్జ్ నాటిది, దానికి పేటెంట్ అడిగితే నవ్వాలి. ఎవరు కొలవాలి, ఏ క్షణంలో, దేన్ని, ఎన్నిసార్లు, ఆ లెక్కతో ఏం చేయాలి అన్న చోటే కనిపెట్టడం ఉంది. అయితే ఈ ముసుగులో, ఉన్న కొలతకే ఒక అంకె మార్చి కొత్త పేటెంట్ అడిగేవాళ్లూ బోలెడుమంది. 2007లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటివాళ్ల మీద కాస్త గట్టిగానే పడింది. కేఎస్ఆర్ వర్సెస్ టెలీఫ్లెక్స్ కేసు కారు యాక్సిలరేటర్ పెడల్‌కి సెన్సర్ తగిలించడం గురించి. ఉన్న రెండింటిని కలపమని ఏదో కాగితంలో రాసి ఉంటేనే అది తెలిసిందే అనాలన్న మొండి పట్టును కోర్టు తోసిపుచ్చింది. మామూలు నిపుణుడికీ కాస్తో కూస్తో సొంత బుర్ర ఉంటుందని, అతను మరమనిషి కాడని చెప్పింది. ఫ్రాంక్‌ఫర్టర్ హెచ్చరికకు ఇది విరుగుడు కాదు గానీ, తక్కెడ రెండో సిబ్బిలో బరువు వేసినట్టయింది.

ఆ తక్కెడకు పని తగ్గలేదు. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ 2020లో ముగించిన రిలీజ్ 16 ప్రమాణంలో షరతుల హ్యాండోవర్, అంటే షరతు మీద కాల్ మార్పిడి, అని ఒకటి చేరింది. టవర్ ముందుగానే 'ఫలానా షరతు తీరితే ఫలానా సెల్‌కి వెళ్లిపో' అని ఫోన్‌కి అనుమతి ఇచ్చి ఉంచుతుంది. ఎప్పుడు వెళ్లాలో తన కొలతల్ని బట్టి ఫోనే నిర్ణయించుకుంటుంది. సిగ్నల్ హఠాత్తుగా పడిపోయినప్పుడు రిపోర్టు పంపి, ఆజ్ఞ కోసం ఎదురుచూసేలోగా కాల్ తెగిపోయే బెడద దీంతో తగ్గుతుంది. దీని మీది పేటెంట్‌ను కొట్టేయమని వచ్చే లాయరు 1990ల నాటి డెక్ట్ కార్డ్‌లెస్ ఫోన్ల ప్రమాణాన్ని బల్ల మీద పెడతాడు. అందులో ఎప్పుడు మారాలో హ్యాండ్‌సెట్టే నిర్ణయించుకునేది. అవతలి లాయరు లేచి, ఆఫీసులోనో ఇంట్లోనో నడుస్తూ మాట్లాడే ఫోనుకీ, ఏ సెల్‌లో ఎంత రద్దీ ఉందో తెలియకుండా రైల్లో దూసుకుపోయే ఫోనుకీ పోలికేమిటంటాడు. అనుమతి టవర్ దగ్గర, నిర్ణయం ఫోన్ దగ్గర ఉంచడమే ఇందులో కొత్తదని వాదిస్తాడు. నన్నడిగితే రెండో లాయరు వైపే కొంచెం మొగ్గుతాను.