ల్యాప్‌టాప్ కొలువు, పరదేశ కాపురం: కొన్ని రికార్డులు, విశేషాలు

జీతం ఒక దేశం నుంచి, ఇంటద్దె ఇంకో దేశంలో. కరోనా తర్వాత ఈ బతుకుతీరు మన ఊళ్ల కుర్రాళ్ల కబుర్లలోకీ వచ్చేసింది. ఖర్చు ఎక్కడ తక్కువన్నదే అందరూ ముందుగా అడిగే మాట. ఏళ్ల తరబడి ఉండాలనుకునేవారు మాత్రం అద్దె కంటే ముందు చూసుకోవాల్సిన లెక్క ఒకటుంది: ఆ దేశం ఎవరిని, ఎన్నాళ్లు, ఏ షరతు మీద ఉండనిస్తుంది? ఆ లెక్కలో మొదటివి, పెద్దవి, చిన్నవి కొన్ని ఇక్కడ చూద్దాం.

సైకిలెక్కిన తొలి ఆఫీసు

1983లో అమెరికాలోని కొలంబస్ నగరం నుంచి స్టీవెన్ రాబర్ట్స్ అనే రచయిత ఇల్లూ వాకిలీ వదిలి, వెనక్కి వాలి తొక్కే సైకిలు మీద బయల్దేరాడు. సైకిలుకు సోలార్ పలక బిగించి, రేడియో షాక్ వారి మోడల్ 100 అనే చిన్న కంప్యూటర్ వెంట పెట్టుకున్నాడు. దారిలో పే ఫోన్ దొరికితే దాని ద్వారా కంప్యూసర్వ్ నెట్‌వర్కులోకి వెళ్లి వ్యాసాలు పంపేవాడు. ఆ రాబడే బత్తెం. తొలి యాత్ర 10,000 మైళ్లు సాగింది. ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే తిరుగుతూ పనిచేయవచ్చని చూపించాడు కాబట్టి, డిజిటల్ సంచారుల్లో మొదటివాడిగా ఆయన పేరే ఎక్కువగా వినిపిస్తుంది.

వరుస నెలల్లో రెండు తలుపులు

2020 దాకా చాలా దేశాల వీసా చట్టాలకు పర్యాటకులు తెలుసు, స్థానిక కంపెనీలో చేరే ఉద్యోగులు తెలుసు. పరాయి దేశపు జీతంతో తమ గడ్డ మీద కూర్చుని పనిచేసేవారిని ఏ పద్దులో రాయాలో తెలియదు. కరోనాతో పర్యాటకం పడకేసిన ఆ ఏడాది జులైలో బార్బడోస్ ‘వెల్‌కమ్ స్టాంప్’ తెచ్చింది. ఏడాదికి 50,000 డాలర్ల ఆదాయం చూపి, 2,000 డాలర్ల ఫీజు కడితే 12 నెలలు ఉండొచ్చు. ఆగస్టు 1న ఎస్తోనియా డిజిటల్ సంచారుల వీసాకు దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పదుల దేశాలు ఇదే బాట పట్టాయి.

ఎక్కువమంది పొరబడే కార్డు

అదే ఎస్తోనియా 2014 డిసెంబరు నుంచి ఇస్తున్న ‘ఈ-రెసిడెన్సీ’ కార్డును తీసుకున్నవారు లక్ష దాటారు. తొలి కార్డు బ్రిటన్ పాత్రికేయుడు ఎడ్వర్డ్ లూకాస్‌కు దక్కింది. ఈ కార్డుతో ఎస్తోనియాలో కంపెనీ పెట్టొచ్చు, కాగితాలపై డిజిటల్ సంతకం చేయొచ్చు. ఆ దేశంలో అడుగుపెట్టడానికీ, ఒక్క రాత్రి ఉండడానికీ మాత్రం ఇది పనికిరాదు. పేరు చూసి నివాస హక్కు అనుకోవద్దు.

అయిదేళ్ల వీసా

చవక జీవితం అనగానే థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ పేరు చెప్పడం ఎప్పటినుంచో ఉంది. అయితే అక్కడివారిలో చాలామంది పర్యాటక వీసా మీదే నెట్టుకొచ్చేవారు. గడువు ముగియగానే సరిహద్దు దాటడం, మళ్లీ లోపలికి రావడం. ‘వీసా రన్’ అనే ఈ పరుగుకు 2024 జులైలో ఆ దేశం తెచ్చిన డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా (డీటీవీ) చాలావరకు విరుగుడు. ఫీజు 10,000 బాత్‌లు, బ్యాంకులో 5 లక్షల బాత్‌లు ఉన్నట్టు రుజువు చూపాలి. వీసా అయిదేళ్లు చెల్లుతుంది. వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. భారతీయులూ అర్హులే. థాయ్ కంపెనీలో కొలువు చేయడానికి మాత్రం వీల్లేదు.

ఏడాది వీసా లేకుండా, కానీ మనకు కాదు

జార్జియా దేశం 90కి పైగా దేశాలవారిని వీసా లేకుండా ఏకంగా 365 రోజులు ఉండనిస్తుంది. ఇంత ఉదారమైన గడువు ప్రపంచంలో అరుదు. టిబిలిసి నగరం సంచారుల అడ్డాగా మారడానికి ఇదే పెద్ద కారణం. ఆ జాబితాలో భారత్ లేదు. ఒకే ఊరు, ఒకే అద్దె, అయినా చేతిలోని పాస్‌పోర్టును బట్టి ఒకరికి ఏడాది, మరొకరికి వీసా క్యూ. ‘చవక దేశాల’ జాబితాలు చదివేటప్పుడు మనవాళ్లు మొదట గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఉగాదికి సెలవిచ్చే ద్వీపం

మారిషస్ 2020లో తెచ్చిన ప్రీమియం వీసాకు ఫీజే లేదు. నెలకు 1,500 డాలర్ల ఆదాయం చూపిస్తే ఏడాది ఉండొచ్చు, ఆపైన పొడిగించుకోవచ్చు. మన గడియారానికి గంటన్నర వెనక కాబట్టి హైదరాబాద్ ఆఫీసుతో పనిచేసేవారికి నిద్ర చెడదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలిపనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఉగాది ఆ దేశంలో జాతీయ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. ఒప్పంద కూలీలుగా ముత్తాతలు దిగిన రేవు దేశంలోనే ఇవాళ మనవాళ్లు ల్యాప్‌టాప్‌తో దిగగలగడం చరిత్రలో చిన్న మలుపు కాదు.

రెండో మహాసభల ఊరు

1981లో రెండో మహాసభలు జరిగిన కౌలాలంపూర్ కూడా ఈ వరసలో ఉంది. మలేసియా 2022లో మొదలుపెట్టిన ‘డీఈ రాంటావ్’ పాస్ మూడు నుంచి పన్నెండు నెలలకు ఇస్తారు, మరో ఏడాది పొడిగిస్తారు. ఐటీ పనివారు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపితే చాలు.

అతి పెద్ద ఆదాయ షరతుల్లో ఒకటి

కరీబియన్‌లోని కేమన్ దీవులు 2020లో పెట్టిన షరతు: ఒంటరిగా వచ్చేవారికి ఏడాదికి కనీసం లక్ష డాలర్ల సంపాదన ఉండాలి. మారిషస్ అడిగేదానికి ఇది అయిదున్నర రెట్లు. ఏ దేశం ఎవరిని పిలుస్తోందో ఈ ఒక్క అంకెలోనే తెలిసిపోతుంది.

బిగుతైన గడువు

జపాన్ 2024లో ఇచ్చిన అవకాశం ఆరు నెలలకే, పొడిగింపు లేదు. కోటి యెన్ల వార్షికాదాయం చూపాలి. నివాస కార్డు ఇవ్వరు కాబట్టి బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం కష్టమే. ఈ అర్హుల జాబితాలోనూ భారత్ లేదు.

వీసా అడగని నేల

ఉత్తర ధ్రువానికి చేరువలోని స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవి. 1920 నాటి ఒప్పందం పునాదిగా అక్కడ ఏ దేశం వారైనా వీసా లేకుండా ఉండి పనిచేసుకోవచ్చు. దారి మాత్రం నార్వే మీదుగానే, అందుకు మనకు షెంగెన్ (ఐరోపా ఉమ్మడి) వీసా కావాలి. ఖర్చు భారీ. తనను తాను పోషించుకోలేనివారిని పంపించేస్తారు. ముఖ్య పట్టణం లాంగ్‌యియర్‌బ్యెన్‌లో అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. అనుమతి తేలికైన చోట బతుకు ఇంత కష్టం.

180, 182, 183

ఒక్కో దేశం పన్ను ఎవరి దగ్గర తీసుకోవాలో రోజులు లెక్కపెట్టి తేలుస్తుంది. థాయ్‌లాండ్‌కు 180, మలేసియాకు 182, జార్జియాకు 183. మన ఆదాయపు పన్ను చట్టంలో ముఖ్యమైన కొలత 182. పైగా థాయ్‌లాండ్ జనవరి నుంచి లెక్కపెడితే మనం ఏప్రిల్ నుంచి లెక్కపెడతాం. ఒకే మనిషిని ఒకే కాలానికి రెండు దేశాలూ తమ పన్నుదారుడిగా లెక్కించే వీలుంది. అప్పుడు దారి చూపేది ఆ రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం. బయల్దేరే ముందే ఆడిటర్‌తో మాట్లాడితే అద్దెలో మిగిలింది పన్నులో పోకుండా ఉంటుంది.

మూడేళ్లలో తిరిగిన గాలి

2022లో మెక్సికో సిటీ పాలకులు, ఎయిర్‌బీఎన్‌బీ, యునెస్కో కలిసి దూరపు ఉద్యోగులను రమ్మని పిలిచే ఒప్పందం చేసుకున్నారు. 2025 జులై 4న అదే నగరంలో, వాళ్లు ఎక్కువగా ఉండే కొండేసా, రోమా పేటల్లో స్థానికులు ఊరేగింపు తీశారు. పెరిగిన అద్దెలు తమను సొంత పేటల నుంచి వెళ్లగొడుతున్నాయన్నది వారి గోడు. డాలరు జీతానికి చవకగా కనిపించే ఇల్లు పెసో జీతానికి అందదు. రూపాయి జీతం మీద బతికే మనకు ఆ బాధ అర్థం కావాలి.

అందుకే వెళ్లేవారికి నా మాట ఇది. ఆ దేశం ఇచ్చే గడువును, పన్ను రోజులను, ఆరోగ్య బీమాను ముందు చూసుకోండి, అద్దె సంగతి తర్వాత. రోజువారీ బసలు వదిలి, స్థానిక యజమాని దగ్గర ఏడాది ఒప్పందం మీద ఇల్లు తీసుకోండి. అక్కడి మాట నాలుగు ముక్కలైనా నేర్చుకోండి. మనల్ని ఉండనిచ్చిన ఊళ్లో అక్కడివారికి కూడా చోటు మిగిలేలా బతకడం మన బాధ్యత.