నేరం నాలుకది కాదు

పిల్లి ముందు మైసూర్‌పాక్ పెట్టి చూడండి. నెయ్యి వాసనకి మూతి పెడుతుందేమో గానీ తీపి కోసం మాత్రం కాదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకం రెండు ప్రోటీన్లు జతకూడితే తయారవుతుంది. అందులో ఒకదాని జన్యువు పిల్లిజాతిలో ఏనాడో పాడైపోయింది. వంటింటి పిల్లికీ, చీతాకీ, పెద్దపులికీ అదే పరిస్థితి అని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన సంస్థ 2005లో తేల్చింది. వేటాడి బతికే జంతువుకి పండు తియ్యగా ఉందో లేదో తెలియకపోయినా నష్టం లేదు. మనది పండ్లు ఏరుకు తిన్న కోతుల వంశం. మనలో ఆ జన్యువు చెక్కుచెదరలేదు. నిన్న పుట్టిన పసికందు నాలుకకి తీపి తగిలినా ముఖం విచ్చుకుంటుంది. ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే తీపి యావను నాలుక ఖాతాలో రాసేస్తాం. నోరు కట్టుకోమని పెద్దలూ, మనసు గట్టి చేసుకోమని స్నేహితులూ సలహాలిస్తారు. పరిశోధనలు చూపిస్తున్నది మరో చోటు.

2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో, తీపి రుచే తెలియకుండా జన్యువు మార్చిన ఎలుకల ముందు రెండు సీసాలు పెట్టారు. ఒకదానిలో మంచినీళ్లు, ఇంకోదానిలో చక్కెర నీళ్లు. మొదట్లో వాటికి రెండూ ఒకటే. కొన్నాళ్లు అలవాటుపడ్డాక మాత్రం చక్కెర సీసా వైపే మొగ్గాయి. రుచి తెలియదు, అయినా అదే కావాలి! తాగినప్పుడు వాటి మెదడులో, ఇంకా కావాలనిపించే డోపమైన్ రసాయనం కూడా పెరిగింది.

కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జుకర్ బృందం 2020లో ఈ చిక్కుముడి విప్పింది. ఈసారి మామూలు ఎలుకలే. ఒక సీసాలో చక్కెర, రెండోదానిలో అంతే తియ్యగా ఉండే కృత్రిమ తీపి. మొదట రెండూ తాగాయి. రెండు రోజులు తిరక్కుండానే కృత్రిమ తీపిని వదిలేసి దాదాపు చక్కెర మీదే పడ్డాయి. చక్కెర పేగులోకి దిగగానే అక్కడి కణాలు గ్లూకోజుని గుర్తుపట్టి, వేగస్ నాడి ద్వారా మెదడు కాండానికి కబురు పంపుతున్నాయి. ఆ కబురందుకునే నాడీకణాల నోరు మూయిస్తే చక్కెర మీద ప్రత్యేకమైన మోజు పుట్టనే లేదు. కృత్రిమ తీపి నాలుకని మోసం చేయగలదు గానీ పేగు దగ్గర దాని పప్పులుడకవు. పేగులో గ్లూకోజుని పట్టే ద్వారాల్లో ముఖ్యమైనది సోడియంతో జంటగా దాన్ని లోపలికి తీసుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో కలరా రోగుల్ని బతికించింది ఈ ద్వారాన్ని నమ్ముకునే. ప్రాణం నిలబెట్టిన దారే మనల్ని మిఠాయి కొట్టు వైపూ నడిపిస్తోందన్నమాట.

ఎలుక సంగతి మనిషికి అచ్చంగా వర్తిస్తుందా? కొంతవరకే. ‘చక్కెర కూడా మత్తుమందే’ అనే ప్రచారం చూసినప్పుడు ఈ జాగ్రత్త గుర్తుండాలి. అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ప్రయోగాల్లో ఎలుకలు చక్కెర కోసం వ్యసనపరుల్లా ప్రవర్తించాయన్న మాట నిజమే. అయితే రోజూ 12 గంటలు పస్తు పెట్టి, ఆ తర్వాత చక్కెర అందించిన వాటిలోనే ఆ లక్షణాలు కనిపించాయి. ఎప్పుడూ చక్కెర అందుబాటులో ఉన్నవి అలా చేయలేదు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో ఈ అధ్యయనాలన్నీ తిరగేసి, మనుషుల్లో చక్కెర వ్యసనానికి గట్టి ఆధారం లేదన్నారు. నాకు ఆ ఎలుకల్లో కనిపించే పాఠం వేరు. పస్తు, వెంటనే విందు: యావను పెంచేది ఈ జంట. సోమవారం నుంచి స్వీటు బంద్ అని ఒట్టు పెట్టుకుని, ఆదివారం పెళ్లిభోజనంలో అరడజను జాంగ్రీలు లాగించేవాళ్లు మన చుట్టూ ఎంతమంది!

ఇక కోరిక వచ్చే వేళ సంగతి. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 2021లో 1,070 మందికి రక్తంలో గ్లూకోజుని ఎప్పటికప్పుడు చూపే పరికరం తగిలించి, ఒకే రకం టిఫిన్లు పెట్టారు. తిన్న రెండు మూడు గంటలకి కొందరిలో గ్లూకోజు మొదటి మట్టం కన్నా కిందికి జారింది. బాగా జారినవాళ్లు మిగతావాళ్ల కన్నా అరగంట ముందే మళ్లీ తిండికి లేచారు. రోజు మొత్తమ్మీద 312 కేలరీలు ఎక్కువ తిన్నారు. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ, తియ్యటి చాయ్‌తో సరిపెట్టి, పదకొండింటికి చెయ్యి బిస్కెట్ల డబ్బా మీదికి ఎందుకు పోతోందని మనల్ని మనం తిట్టుకుంటాం. ఆ ఇడ్లీ పక్కన గిన్నెడు సాంబారో, ఇడ్లీ బదులు పెసరట్టో, ఒక గుడ్డో ఉంటే కథ మారే అవకాశం ఎక్కువ.

తిండి వరస కూడా పనిచేస్తుంది. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల 2015లో కొద్దిమంది మధుమేహులతో చేసిన చిన్న ప్రయోగంలో, కూరలూ మాంసమూ ముందు తిని రొట్టె చివర తిన్నరోజు, గంట తర్వాతి గ్లూకోజు 37 శాతం తక్కువగా ఉంది. పదార్థాలు అవే, వరస మాత్రం తిరగేశారు. విస్తట్లో ముందు తీపి వడ్డించే ఆచారాన్ని పండగలకి ఉంచుకుందాం. మామూలు రోజున కూరా పప్పూ నాలుగు ముద్దలు ఉత్తగానే తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే పోయేదేమీ లేదు.

తెలుగిళ్లలో చక్కెర లెక్క మిఠాయి దగ్గర కాదు, చాయ్ దగ్గర తేలాలి. టీస్పూను అంచుకి సమంగా ఉంటే 4 గ్రాములు. సమంగా ఎవరు తీస్తారు? డబ్బాలో ముంచి గోపురంలా లేపుతాం, సులువుగా 6 గ్రాములు దాటుతుంది. కప్పుకి అలాంటివి రెండు, రోజుకి నాలుగు కప్పులు అనుకుంటే దగ్గర దగ్గర 50 గ్రాములు. రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో గీసిన గరిష్ఠ గీత సరిగ్గా అంతే. 25 గ్రాములకి తగ్గితే ఇంకా మేలంది. అంటే పొద్దుపోయేలోగా బిస్కెట్టూ కూల్‌డ్రింకూ ముట్టకుండానే గీత మీదికొచ్చేశాం. బండి దగ్గరైతే చక్కెర గిన్నెలోనే మరిగిపోయి ఉంటుంది, తగ్గించమని అడిగే వీలూ లేదు.

ఒక్కసారిగా మానేయడం కన్నా రెండు మూడు వారాలకి అర చెంచా చొప్పున దించడం నయం. మోనెల్ సంస్థ 2016లో ప్రచురించిన అధ్యయనంలో చక్కెర తగ్గించి తిన్నవాళ్లకి మూడో నెలకల్లా అదే పుడ్డింగు 40 శాతం ఎక్కువ తియ్యగా తోచింది. తీపి మీద ఇష్టం మాత్రం తగ్గలేదు! కాబట్టి ఇష్టం చచ్చిపోతుందని ఎదురుచూడొద్దు. తక్కువ చక్కెరకే అంత తీపి దక్కుతుంది, లాభం అక్కడే. కట్టడి ఎత్తేయగానే వాళ్లు మళ్లీ పాతదారి పట్టారన్నదీ దాచకూడని సంగతి.

చక్కెర బదులు బెల్లం అంటారా? బెల్లంలో కాస్త ఖనిజాలుంటాయి. 100 గ్రాములకి 380 పైచిలుకు కేలరీలు మాత్రం చక్కెరకి దాదాపు సరిజోడు. కృత్రిమ తీపి బిళ్లలు బరువు తగ్గడానికి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదు.

సాయంత్రం నాలుగింటికి గులాబ్‌జామూన్ కళ్లముందు కదిలిందనుకోండి. కదిలింది అన్నమాట ఊరికే అనలేదు. తీవ్రమైన కోరిక చాలావరకు మనసులో గీసుకున్న బొమ్మే: పాకంలో మెరుపు, వేలికి తగిలే వేడి, కొరికితే ఊరే రసం. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ బొమ్మని చెరిపేందుకు తెర మీద ముక్కలు పేర్చే టెట్రిస్ ఆట ఇచ్చారు. మూడే నిమిషాలు. నూటికి 70 దగ్గరున్న కోరిక 56కి దిగింది. కళ్లకీ ఊహకీ వేరే పని దొరికితే జామూన్‌కి చోటు చాలదు. ఆట రానివాళ్లకి చుక్కల ముగ్గు గీయడం కూడా అంత పనీ చేస్తుందని నా నమ్మకం. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు పావుగంట చురుగ్గా నడిపించి చూశారు. నడిచివచ్చిన వాళ్లు బల్లమీది చాక్లెట్ 15 గ్రాములు తింటే, కూర్చున్నవాళ్లు 28 గ్రాములు తిన్నారు.

వీటన్నిటి కన్నా తక్కువగా పట్టించుకునేది నిద్ర. 2004లో షికాగోలో పన్నెండుమంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. మనసు మిఠాయిల మీదికీ ఉప్పటి చిరుతిళ్ల మీదికీ పోయింది. కింగ్స్ కాలేజీ 2018లో దీన్నే తిరగేసింది. నిద్ర చాలనివాళ్లకి తొందరగా పడుకోవడం నేర్పారే తప్ప తిండి గురించి ఒక్క మాటా చెప్పలేదు. అయినా రోజుకి 10 గ్రాముల చక్కెర దానంతటదే తగ్గింది. రాత్రి పన్నెండు దాకా ఫోను చూస్తూ, పగలు స్వీట్లు మానలేకపోతున్నానని బాధపడేవాళ్లు మొదలుపెట్టాల్సింది వంటింట్లో కాదు.

ఇక కొని తెచ్చుకునే తిండి సంగతి. ప్యాకెట్ వెనక ‘యాడెడ్ షుగర్స్’ అనే వరసని చూడటం రెండు క్షణాల పని. కార్న్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని రాసినా అది చక్కెరే. సీబీఎస్ఈ 2025లో తన బడులన్నిటా చక్కెర వివరాలు చెప్పే ‘షుగర్ బోర్డు’ పెట్టమంది. పిల్లలు అది చదివి ఇంట్లో పెద్దల్ని నిలదీస్తే అంతకన్నా కావాల్సిందేముంది.

కొత్త అలవాటు 21 రోజుల్లో కుదురుతుందన్న మాట నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ 96 మందిని గమనిస్తే సగటు మనిషికి పట్టే కాలం 66 రోజులని తేలింది. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినా నష్టం లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి మేనకోడలి పెళ్లిలో లడ్డు తినండి, మర్నాడు చాయ్‌లో మాత్రం పాత లెక్కకి వెళ్లకండి.

చివరగా ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, గ్లూకోజుని బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా తిండి ఒక్కసారిగా మార్చొద్దు. వాళ్లకి చెమటలు పట్టి, చేతులు వణికి, గ్లూకోజు 70 కన్నా తగ్గితే అది తీపి యావ కాదు, ప్రమాదం. ఆ క్షణంలో 15 గ్రాముల గ్లూకోజు గానీ చక్కెర గానీ వెంటనే తీసుకోవాలి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి. అలాంటివాళ్లు బయటికి వెళ్లేటప్పుడు సంచిలో చక్కెర పొట్లం ఉంచుకోవాల్సిందే.