శాన్ హోసే పులులు

శాన్ హోసే అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి చిప్పులు, కోడింగు, కళ్లు తిరిగే ఇళ్ల ధరలు. మెక్సికో వాళ్లకు మాత్రం అది 'లోస్ టిగ్రెస్ దెల్ నోర్తె' అనే సంగీత బృందం ఊరు. సినలోవా రాష్ట్రంలో మొకొరీతో ఊరి దగ్గరి రోసా మొరాదా అనే పల్లె నుంచి ఎర్నాందెస్ అన్నదమ్ములు, వాళ్ల బంధువు ఆస్కార్ లారా 1960ల చివర్లో కాలిఫోర్నియా చేరారు. పెద్దవాడు హోర్హే వయసు కూడా ఇంకా టీనేజే. సరిహద్దులో ఓ ఇమిగ్రేషన్ అధికారి ముద్దుగా 'చిట్టి పులులు' అన్నాడట. పోయేది ఉత్తరానికి గనక 'ఉత్తరాది పులులు' అయి కూర్చున్నారు. శాన్ హోసేలో ఫామా రికార్డుల కంపెనీ యజమాని, ఇంగ్లండు నుంచి వచ్చిన ఆర్ట్ వాకర్, వాళ్లను చేరదీశాడు.

మీటల అకార్డియన్, 'బాహో సెక్స్తో' అనే 12 తీగల వాయిద్యం, వీటి మీద నడిచే కథాగీతం కొరీదో. 1970ల తొలి భాగంలో వాళ్లకు పేరు తెచ్చిన 'కాంత్రబాందో ఇ త్రైసియోన్' కూడా అలాంటిదే. కారు టైర్లలో గంజాయి దాచి సరిహద్దు దాటిన జంట కథ అది. చివరికి ఆ జంటలోని కామెలియా ప్రియుణ్ని కాల్చేసి డబ్బుతో మాయమవుతుంది. స్మగ్లర్లను మోస్తున్నారన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది, అది పూర్తిగా తీసిపారేయదగ్గదేం కాదు.

నాకు మాత్రం వాళ్ల అసలు పాట 'హౌలా దె ఓరో', అంటే బంగారు పంజరం. 1980ల్లో ఎన్రికే ఫ్రాంకో రాశాడు. కాగితాల్లేకుండా అమెరికా వచ్చి, ఏళ్ల తరబడి ఇక్కడే పనిచేస్తున్న తండ్రి బాధ అందులో ఉంది. సంపాదన ఉంది, గడప దాటాలంటే భయం. పాట మధ్యలో సంగీతం వెనక్కి తగ్గుతుంది. మెక్సికో వెళ్లిపోదామా అని తండ్రి స్పానిష్‌లో అడుగుతాడు, కొడుకు తడుముకోకుండా ఇంగ్లీషులో ససేమిరా అంటాడు. వీసాల తేడా ఎంతున్నా, ఆ సంభాషణ జరగని తెలుగిల్లు మన చుట్టుపక్కల ఉందా? మన వేడుకలకు మాత్రం ఏటా హైదరాబాద్ నుంచి సినిమా పాటలే దిగుమతి!

టిగ్రెస్ కచేరీలో జనం చీటీల మీద కోరికలు రాసి వేదికకు అందిస్తారు. ఏ పాట, ఎవరి కోసం, ఏ ఊరి వాళ్లకు అన్నీ అందులోనే. అవి చదువుతూ, అడిగినవి పాడుతూ గంటల తరబడి సాగిస్తారు.

గ్రామీ అవార్డులు వచ్చాయి, సరే. 1968లో అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ పాడిన ఫోల్సమ్ జైల్లోనే 2018లో ఖైదీలకు పాడారు. అంతకుముందు 2000లో తమ ఫౌండేషన్ తరఫున లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి 5 లక్షల డాలర్లిచ్చారు. ఆ డబ్బుతో పాత మెక్సికన్ రికార్డులను డిజిటల్ రూపంలోకి ఎక్కించే పని మొదలైంది. వాటిలో చాలా పాటల గాయకులు ఈ అన్నదమ్ములు పుట్టకముందు వాళ్లు.