వేరుశనగ విత్తనంలో పలు దేశాల పెట్టుబడి

తంబళ్లపల్లె: వేరుశనగ వ్యాపారి తేమ చూస్తాడు, పప్పు రాబడి చూస్తాడు, ఆ పైన ధర చెబుతాడు. విత్తనం వెనుక ఎవరి సొమ్ము ఉన్నదో అడగడు. ఇక అదీ అడగవలసి ఉన్నది.

హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. పలు దేశాల ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలు ఉమ్మడిగా నిధులు పెట్టాయి. ఆఫ్రికా మెట్టకూ రాయలసీమ మెట్టకూ కరువు ఒకటే గనుక ఖర్చు పంచుకున్నాయి. 1976లో అక్కడి పరిశోధనలో వేరుశనగ కూడా చేరింది.

ఆ పెట్టుబడి ఫలితమే ఐసీజీవీ 91114 రకం. 2006లో, అప్పట్లో పొరుగున ఉన్న అనంతపురం జిల్లా కోసం విడుదలైంది. 90-95 రోజుల్లో కోతకు వస్తుంది, బెట్టను తట్టుకుంటుంది. జునాగఢ్ పరిశోధన కేంద్రంతో కలిసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో వచ్చాయి. సాధారణ రకాల నూనెలో ఒలీయిక్ ఆమ్లం 45-50 శాతం ఉంటే, వీటిలో దాదాపు 80 శాతం. అందువల్ల పప్పు త్వరగా ముక్కిపోదు. చిక్కీ, మిఠాయి తయారీదారులకు కావలసిన సరుకు ఇదే.

అయితే ఈ గుణం కంటికి కనిపించదు, పరీక్షలోనే తేలుతుంది. మామూలు కాయలతో ఒకే కుప్పలో కలిస్తే అదనపు ధర అడిగే వీలుండదు. వ్యాపారులు విత్తనం నాటి నుంచే రకాన్ని విడిగా గుర్తించి, విడిగా నిల్వ చేయడం మేలు.

ఇక్రిశాట్‌కు నిధులిచ్చిన వాటిలో ఒకటైన యూఎస్ ఎయిడ్‌ను అమెరికా 2025లో మూసివేసింది. కొత్త రకం పొలానికి చేరడానికి ఏళ్లు పడుతుంది. నేటి కోత రేపటి ధరల పట్టికలో కనిపించదు. ఏళ్ల తరువాత కరువు వచ్చినప్పుడు, యార్డుకు వచ్చే బస్తాల సంఖ్యలో కనిపిస్తుంది.