పెళుసుబారిన బంగారు రంగు: పాత రోబో బొమ్మ చెబుతున్న పాఠం

పెట్టె విప్పకుండా, చేయి తగలనీయకుండా అరలో దాచిన బొమ్మ కూడా ముక్కలైపోతుందా? 1980వ దశకం చివరి నుంచి 1990వ దశకం వరకు తయారైన కొన్ని రూపాంతర రోబో బొమ్మల విషయంలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. మూడు దశాబ్దాల తరువాత వాటిని బయటకు తీసి చేతిని కదిలించగానే, బంగారు రంగు భాగాలు ఎండిన బిస్కెట్టులా విరిగిపోతున్నాయి. బొమ్మలు సేకరించేవారు ఈ లోపానికి ‘గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

జపాన్‌లోని తకారా సంస్థ రూపొందించిన ఈ రకం బొమ్మలను అమెరికాకు చెందిన హాస్‌బ్రో సంస్థ 1984లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ పేరుతో విపణిలోకి తెచ్చింది. మడిస్తే కారు లేదా విమానం, విప్పితే రోబో. ఈ మార్పులోనే వాటి ఆకర్షణ ఉంది. వాటి బలహీనత కూడా అక్కడే బయటపడింది.

మెరుపు లోపల, బలం బయట

ప్లాస్టిక్ అంటే ఒకదానితో ఒకటి పెనవేసుకున్న పొడవైన అణువుల గొలుసులు. ఆ పెనవేతే దానికి బలం. బంగారు రంగును పైపూతగా వేస్తే అది కాలక్రమంలో చెరిగిపోతుంది. అందువల్ల కొన్ని బొమ్మలకు మెరుపు రేణువులను కరిగిన ప్లాస్టిక్‌లోనే కలిపి అచ్చు పోశారు. చూపులకు ఇది చక్కని ఉపాయమే. అయితే గొలుసులు దగ్గరగా అల్లుకోవలసిన చోట రేణువులు అడ్డుగా నిలిచి, పట్టును సడలించాయని సేకర్తలు, మరమ్మతు నిపుణులు వివరిస్తున్నారు. ఈ భాగాల మీద నీటి సుడుల వంటి చారలు కనిపిస్తాయి. చాలా సందర్భాల్లో పగుళ్లు వాటి వెంటే సాగుతాయి.

రూపాంతర బొమ్మకు ఇది మరింత ప్రమాదకరం. మడత తిరిగే చాలా కీళ్ల వద్ద సన్నని లోహపు సూది బిగించి ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ సూది చుట్టూ ఉన్న పలుచని ప్లాస్టిక్ మీదనే పడుతుంది. కదలకుండా నిలబడే బొమ్మలో ఏళ్ల తరబడి దాగి ఉండగల లోపం, రూపం మార్చే బొమ్మలో ఒక్క మలుపుతో బయటపడుతుంది.

పాత ప్లాస్టిక్‌కు వేరే జబ్బులూ లేకపోలేదు. ఎండ తగిలితే తెల్లని భాగాలు పసుపు బారుతాయి. మెత్తదనం కోసం కలిపిన పదార్థాలు పైకి ఊరి కొన్ని భాగాలు జిగురు పడతాయి. వెలుతురు, వేడి తగలకుండా దాస్తే ఈ మార్పులు నెమ్మదిస్తాయి. బంగారు ప్లాస్టిక్ విషయంలో ఆ జాగ్రత్త అక్కరకు రావడం లేదు. లోపం పుట్టుకతోనే దేహంలో ఉన్నందున భద్రంగా దాచినవి సైతం విరుగుతున్నాయి.

బస్తర్ ఇత్తడి, ఏటికొప్పాక లక్క

వస్తువు ఆయుష్షు మెరుపు ఎక్కడ ఉందన్న దానిపై ఆధారపడుతుందని మన ప్రాంతపు హస్తకళలు చూసినా తెలుస్తుంది. బస్తర్‌లోని కొండగావ్ పరిసరాల్లో ఘడ్వా శిల్పులు మట్టి ముద్దపై మైనపు తీగలతో ఏనుగు, గుర్రం వంటి రూపాలు అల్లి, పైన మళ్లీ మట్టి కప్పి కాలుస్తారు. మైనం కరిగి వదిలిన ఖాళీలోకి ఇత్తడి ద్రవం చేరుతుంది. ఇక్కడ మెరుపు లోహానిదే. బయటి నుంచి కలిపినది కాదు. పోత సరిగా కుదరకపోయినా, దశాబ్దాల తరువాత విరిగినా ఆ ఇత్తడి మళ్లీ కొలిమికి చేరవచ్చు. పాత ఇత్తడి పాత్రలు కూడా ఈ శిల్పులకు ముడిసరుకే. బస్తర్ డోక్రా కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో రంగు పైపూతగానే ఉంటుంది. తరిణి మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పూత గీరుకుపోయినా లోపలి కర్ర చెక్కుచెదరదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంట్లో పాత బొమ్మ ఉంటే

చిన్ననాటి రోబోను బిడ్డకో, మనుమడికో ఇవ్వాలనుకునేవారు మొదట సుడుల చారలున్న బంగారు భాగాలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే రూపం మార్చకుండా, ఉన్న స్థితిలోనే అలంకరణకు ఉంచడం మేలు. విరిగిన ముక్కలు పదునుగా ఉంటాయి. మూడేళ్లలోపు పిల్లల గొంతులో అడ్డుపడే ప్రమాదమూ ఉంది. జిగురుతో అతికించినా పక్కనే మరో పగులు రావచ్చు.

మన దేశంలో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం బొమ్మలకు బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. పదునైన అంచులు, ఊడిపోయే చిన్న భాగాలు, హానికర లోహాలు ఉన్నాయా అని పరీక్షిస్తారు. అయితే ఈ పరీక్ష కొత్త బొమ్మకు సంబంధించినది. ముప్పై ఏళ్ల నాటి రోబోకు ఆ ముద్ర లేదు. దానిని పరీక్షించవలసింది ఇంట్లోని పెద్దలే.