పటము చెప్పిన జవాబు నిజమేనా?

పూర్వము భూపటము గోడకు వ్రేలాడు వస్తువు. దానిపై కొలబద్ద నుంచి, స్కేలుతో హెచ్చవేసి, రెండు ఊళ్ల మధ్య దూరమెంతయో మనమే లెక్క కట్టెడివారము. నేడు ఆ లెక్కను పటమే కట్టుచున్నది. చేతిలోని ఫోనును “సమీపమున ఆసుపత్రి ఎచ్చట నున్నది?” అని అడిగినచో క్షణములో జవాబు వచ్చుచున్నది. వైద్యవాహనమును పంపువారికిని, తుపాను వేళ ఏ గ్రామములను ఖాళీ చేయింపవలెనో నిర్ణయించువారికిని ఇట్టి జవాబులే ఆధారమగుచున్నవి. జవాబు తప్పైనచో ప్రాణములకే ముప్పు కలుగవచ్చును.

విచిత్రమేమనగా, ఇట్టి తప్పులు సాధారణముగా బయటపడవు. ఒక సంఖ్యను సున్నతో భాగింపుమన్నచో కంప్యూటరు వెంటనే అభ్యంతరము తెలుపును. ఒక ఊరిని తప్పుచోట గుర్తించినప్పుడు మాత్రము అట్లు తెలుపదు. చక్కని పటమును గీసి, తప్పు జవాబును నిస్సంకోచముగా చూపును. కావున ఇట్టి ప్రోగ్రామును ప్రజలకు అందించుటకు ముందు, జవాబు మనకు తెలిసియున్న ప్రశ్నలతో దానిని పరీక్షింపవలెను. ఆ పరీక్షకై ప్రత్యేకముగా ఒక చిన్న దత్తాంశ నిధిని సిద్ధము చేయుదురు. దానిని ఎట్లు నిర్మింతురో, అందు ఏమేమి ఉంచవలెనో తెలిసికొందము.

స్థలము తెలిసిన నిధి

పాఠశాలలోని హాజరుపట్టీ ఒక దత్తాంశ నిధియే. అందు వరుసలును, గడులును కలవు. పేరునుబట్టి గాని, అంకెనుబట్టి గాని వెదకవచ్చును. ఇట్టిదే కంప్యూటరులో నున్నచో డేటాబేస్ అందురు. దానికి ఆకారములను గూడ గుర్తుంచుకొను శక్తి కలిగించినచో అది స్థల దత్తాంశ నిధి, అనగా స్పేషియల్ డేటాబేస్ అగును. బావి ఒక బిందువు, రైలుమార్గము ఒక రేఖ, చెరువు ఒక బహుభుజి. “ఈ చెరువునకు రెండు కిలోమీటర్ల లోపల ఏయే బావులున్నవి?” అను ప్రశ్నకు ఇట్టి నిధి తానే లెక్క వేసి జవాబు చెప్పగలదు.

ఈ రంగమున మిక్కిలి వాడుకలో నున్నది పోస్ట్‌జిఐఎస్. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున 1986లో ఆరంభమైన పోస్ట్‌గ్రెస్ పరిశోధనమునుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేస్ పుట్టినది. దానికి భూగోళ విద్యను నేర్పు అనుబంధమే పోస్ట్‌జిఐఎస్. కెనడాలోని రిఫ్రాక్షన్స్ రిసెర్చ్ అను సంస్థ దీనిని 2001లో తొలిసారి వెలువరించినది. దీనిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. ఖాళీ డేటాబేస్ నొకదానిని సృష్టించి, అందు ఈ అనుబంధమును చేర్పుమని ఒక్క ఆజ్ఞ ఇచ్చినచో నిధి సిద్ధమగును.

అసలు నిధిలో పరీక్షింపరాదు

అసలు నిధి ఉండగా పరీక్షకు వేరొకటి ఏల యని అడుగవచ్చును. దీనికి మూడు కారణములు కలవు. పరీక్షలో వరుసలను చేర్చుటయు, తుడుచుటయు తప్పదు. అసలు నిధిలో అట్లు చేసినచో నిజమైన సమాచారమే నశింపవచ్చును. అసలు నిధిలో ప్రజల యిండ్ల చిరునామాలుండును. అవి పరీక్షలు చేయువారి చేతులలో తిరుగుట తగదు. మూడవది ముఖ్యమైనది. అసలు నిధి నిత్యము మారుచుండును. నిన్నటి జవాబు నేటికి సరిపడదు. జవాబు స్థిరముగా లేని ప్రశ్నతో ఎవరినైనను ఎట్లు పరీక్షింపగలము?

కావున పరీక్షా నిధి పలకవంటిదై యుండవలెను. వ్రాయుట, సరిచూచుట, తుడుచుట, మరల వ్రాయుట. పైథాన్ భాషకు చెందిన జాంగో అను సాధనము ఈ పద్ధతినే అనుసరించును. పరీక్ష మొదలగునప్పుడు అది క్రొత్త డేటాబేస్‌ను సృష్టించి, ముగియగానే దానిని తొలగించును. ఒక పరీక్షలో చేర్చిన వరుసలు తరువాతి పరీక్షకు మిగులకుండ వెనుకకు తీసికొను ఏర్పాటు గూడ అందు కలదు. ఈ ఏర్పాటువలన ఒక పరీక్షలోని తప్పు మరియొక దానికి అంటుకొనదు.

హైదరాబాదు ధ్రువప్రాంతమునకు పోవుట

ఇక పరీక్షా నిధిలో ఏమి ఉంచవలెను? మొదట తెలిసిన ఊరు నొకదానిని ఉంచవలెను. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. మనము వాడుకలో అక్షాంశమును ముందు చెప్పుదుము. పోస్ట్‌జిఐఎస్ గణితశాస్త్రపు పద్ధతిని అనుసరించి అడ్డుకొలతను, అనగా రేఖాంశమును, ముందు కోరును. ప్రోగ్రాము వ్రాయువాడు ఈ క్రమమును తారుమారు చేసినచో హైదరాబాదు 78.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు పోయి, నార్వే దేశమునకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ మంచుదీవిలో తేలును!

ఇందులో ఒక చిక్కు కలదు. అక్షాంశము 90 డిగ్రీలను మించదు. అస్సాములోని డిబ్రూగఢ్ రేఖాంశము సుమారు 94.9 డిగ్రీలు, దానిని అక్షాంశముగా వ్రాసినచో “ఇది అసంభవము” అని పట్టుకొనవచ్చును. తెలుగునాటి రేఖాంశములన్నియు 90కి లోబడియే ఉన్నవి. కావున మన ఊళ్లు తారుమారైనప్పుడు ఆ సంఖ్యలు అసంభవములు కావు. తెలిసిన ఊరితో పరీక్షించుట తప్ప వేరు మార్గము లేదు.

డేటాబేస్‌ను మార్చినను ఈ ప్రమాదమే ఎదురగును. 2018లో వెలువడిన మైఎస్‌క్యూఎల్ 8.0, భౌగోళిక స్థానములలో అక్షాంశమును ముందు తీసికొనును. అనగా ఒకే వాక్యమునకు రెండు డేటాబేస్‌లు రెండర్థములు చెప్పును. కనుకనే పరీక్షా నిధియు, అసలు నిధియు ఒకే జాతికి చెందియుండవలెను.

స్థానము తెలియని ఊరికి కొందరు సున్న, సున్న అని వ్రాయుదురు. ఆ స్థానము ఆఫ్రికాకు పడమట గినీ సింధుశాఖలోని నడిసముద్రము. స్థానము లేని వరుస నొకదానిని పరీక్షా నిధిలో తప్పక ఉంచి, ప్రోగ్రాము దానిని సముద్రమున ముంచునో, “తెలియదు” అని చెప్పునో చూడవలెను.

డిగ్రీ ఎన్ని కిలోమీటర్లు?

భూమధ్యరేఖపై ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 111 కిలోమీటర్లు. ఉత్తరమునకు పోవుకొలది రేఖాంశములు దగ్గరగు చుండుటచే, 17 డిగ్రీల వద్ద అది సుమారు 106 కిలోమీటర్లకును, 60 డిగ్రీల వద్ద సుమారు 56 కిలోమీటర్లకును తగ్గును. డిగ్రీలలో వచ్చిన దూరమును అంతటను ఒకే సంఖ్యతో హెచ్చవేసినచో జవాబు చెడును.

వెబ్ పటములలో వాడు మెర్కేటర్ ప్రక్షేపము మరియొక భ్రమను కల్పించును. దానిలో కొలతలు మీటర్లుగానే కనిపించును గాని, భూమధ్యరేఖకు దూరమైన కొలది అవి సాగిపోవును. ఆ కొలతలతో 10 కిలోమీటర్ల వలయము గీసినచో, హైదరాబాదు వద్ద అది నేలపై సుమారు 9.5 కిలోమీటర్లే. ఈ కొద్ది తేడా ఎవరి కంటను పడదు. 60 డిగ్రీల వద్దనున్న హెల్సింకి నగరమున అదే వలయము 5 కిలోమీటర్లే యగును. కావున మన ప్రోగ్రామును మన ఊళ్లతోనే గాక, దూరపు ఊరితో గూడ పరీక్షింపవలెను. తప్పు ఎచ్చట పెద్దదై కనిపించునో అచ్చటనే దానిని వెదకవలెను.

అట్లే ఫిజీ దీవులమీదుగా 180 డిగ్రీల రేఖాంశము పోవుచున్నది. దానికి ఈవల 179.9 తూర్పున ఒక బిందువును, ఆవల 179.9 పడమర ఒక బిందువును ఉంచుడు. ఆ అక్షాంశమున వాటి నడుమ నేలపై దూరము సుమారు 21 కిలోమీటర్లు. కేవలము తీసివేత చేయు ప్రోగ్రాము వాటిని భూమికి చెరియొక వైపున నున్నట్లు భావించును.

గట్టు మీది బిందువు

భుజము 10 గల చతురస్రమును తీసికొనుడు. ఒక మూల మూలబిందువు వద్ద నుండనిండు. (5, 5) లోపల నున్నది. (15, 5) వెలుపల నున్నది. మరి (10, 5)? అది సరిగా గట్టు మీద నున్నది. పోస్ట్‌జిఐఎస్‌లో “కంటెయిన్స్” అను ప్రశ్నకు “కాదు” అనియు, “కవర్స్” అను ప్రశ్నకు “అవును” అనియు జవాబు వచ్చును. రెండును సరియైనవే, ప్రశ్నలే వేరు. సరిహద్దుపైనున్న యిల్లు ఏ మండలమునకును చెందక పోవుట గాని, రెండింటికి చెందుట గాని జరుగకుండ చూచుకొనవలసినది మనమే.

మరియొక పరీక్షకు యానాం మంచి యుదాహరణము. అది పుదుచ్చేరికి చెందినది. దాని చుట్టును ఆంధ్రప్రదేశ్ భూభాగమే కలదు. అనగా ఆంధ్రప్రదేశ్ బహుభుజిలో ఒక రంధ్రమున్నది. పుదుచ్చేరియో, ఒకదానికొకటి దూరముగా నున్న నాలుగు ప్రాంతముల కూటమి. రంధ్రమును మరచిన ప్రోగ్రాము యానామును ఆంధ్రప్రదేశ్‌లో కలిపివేయును. పరీక్షా నిధిలో రంధ్రము గల ఆకారమును, ముక్కలైన ఆకారమును ఉంచుట ఇందులకే.

వేగమునకు వేరొక నిధి

పై పరీక్షలకు ఇరువది ముప్పది వరుసలు చాలును. జవాబులను చేతితో సరిచూడవలెను గనుక చిన్నదే మేలు. వేగమును పరీక్షించుటకు ఇది పనికిరాదు. స్థల నిధులు వేగముగా వెదకుటకు సూచికను వాడును. ఆంటొనిన్ గట్‌మన్ 1984లో వివరించిన ఆర్-వృక్షము దీనికి మూలము. ఇందు ప్రతి ఆకారమును ఒక దీర్ఘచతురస్రములో ఇముడ్చుదురు. మొదట ఆ దీర్ఘచతురస్రములను మాత్రము చూచి, మిగిలినవానినే నిశితముగా పరిశీలింతురు. తాపీవాని మూలమట్టమువంటి ఆకారమును ఊహింపుడు. దాని దీర్ఘచతురస్రములో సగమునకు పైగా ఖాళీయే యుండవచ్చును. ఆ ఖాళీలో నొక బిందువు నుంచినచో రెండవ మెట్టు సరిగా నడచుచున్నదో లేదో తెలియును.

పట్టిక చిన్నదైనచో డేటాబేస్ సూచికను తెరువక, పట్టికనంతను ఒకమారు చదివివేయును. కనుక వేగపు పరీక్షకు లక్షలాది బిందువులను యాదృచ్ఛికముగా పుట్టించి వేరొక నిధిని నింపుదురు. పుట్టించు బీజసంఖ్యను స్థిరముగా ఉంచినచో ప్రతిసారియు అవే బిందువులు వచ్చును. సూచికతో వచ్చిన జవాబును, సూచిక లేకుండ వచ్చిన జవాబును పోల్చి చూడవలెను. రెండును ఒకటి కాకున్నచో వేగమువలన ప్రయోజనము లేదు.

తరగతిలో చేయదగిన పని

విద్యార్థులు గ్రాఫు కాగితముపై రంధ్రము గల చతురస్రమును గీసి, పది బిందువులను ఎన్నుకొని, ఏది లోపల, ఏది వెలుపల, ఏది గట్టుపై నున్నదో పట్టికగా వ్రాయవచ్చును. తమ ఊరి అక్షాంశపు కొసైనును 111తో హెచ్చవేసి, తమ ఊరి వద్ద ఒక డిగ్రీ రేఖాంశము ఎన్ని కిలోమీటర్లో కనుగొనవచ్చును. ఆ కాగితమే పరీక్షా నిధికి నమూనా. జవాబును ముందుగా మన చేతితో కనుగొని, పిమ్మట యంత్రమును అడుగుటయే ఈ పద్ధతికంతకును ప్రాణము.