ఆటిజం ‘మీ వంశం’ నుంచే వచ్చిందా?.. మెదడులోనే పుట్టే జన్యు మార్పులు ఏం చెబుతున్నాయంటే..

పిల్లాడికి రెండేళ్లు దాటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారు ఇస్తే నడపకుండా దాని చక్రాన్నే గంటల తరబడి తిప్పుతుంటాడు. ‘మగపిల్లలకి మాటలు లేటేలే’ అనుకుంటూ ఇంట్లో ఇంకో ఏడాది గడిపేస్తారు. చివరికి డాక్టర్ ఆటిజం అని చెప్పాక ఇంట్లో లేచే మొదటి ప్రశ్న.. ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?

గుంటూరు నగరంలో కలిసిపోయిన నల్లపాడులోనైనా, ఆ చుట్టూ పత్తి, మిర్చి పండించే ఊళ్లలోనైనా ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు ముందే రెడీగా ఉంటుంది. తప్పంతా తల్లిదే. కడుపుతో ఉన్నప్పుడు తినకూడనిది తిన్నదనో, గ్రహణం చూసిందనో, లేదంటే ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అనో అనేస్తారు. కానీ సైన్స్ చెబుతున్న విషయం వేరు. కొందరు పిల్లల్లో ఆటిజంతో ముడిపడిన జన్యు మార్పు తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. పిండం పెరిగేటప్పుడు కొత్తగా పుడుతుంది. ఒక్కోసారి అది మెదడులో కొన్ని కణాలకే పరిమితమవుతుంది.

అదెలా సాధ్యం? మనిషి శరీరం మొదలయ్యేది ఒకే ఒక్క కణంతో. అది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ప్రతిసారీ డీఎన్‌ఏ మొత్తాన్ని కాపీ చేయాలి. అంత పెద్ద కాపీలో అక్కడక్కడా అక్షర దోషాలు దొర్లుతాయి. వీటినే మ్యుటేషన్లు అంటారు. ఒక్కోసారి ఒకే మొక్కకు ఒక కొమ్మ మాత్రం రంగు మారి వేరేగా కాస్తుంది కదా? ఇదీ అలాంటిదే. తేడా మొదట్లోనే వస్తే చెట్టంతా పాకుతుంది. ఆలస్యంగా వస్తే ఒక్క కొమ్మకే. ఇలా కొన్ని కణాల్లోనే ఉండే మార్పుల్ని మొజాయిక్ మ్యుటేషన్లు అని పిలుస్తారు.

అమెరికాలోని బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో క్రిస్టఫర్ వాల్ష్ బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 2017లో ఈ బృందం సహా పలువురు శాస్త్రవేత్తలు 5,947 కుటుంబాల జన్యు సమాచారాన్ని పరిశీలించారు. తల్లిదండ్రుల్లో లేకుండా పిల్లల్లో కొత్తగా కనిపించిన మార్పుల్లో 7.5 శాతం, పిండం ఏర్పడ్డాక వచ్చినవేనని తేలింది. 2021లో మరో అడుగు ముందుకేశారు. ఆటిజం ఉండి చనిపోయిన 59 మంది మెదళ్లను, ఆటిజం లేని 15 మంది మెదళ్లతో పోల్చారు. ఇలాంటి మార్పులు ఆటిజం లేని మెదళ్లలోనూ ఉన్నాయి! అసలు ఫలదీకరణ తర్వాత తొలి విభజనల్లో ప్రతిసారీ రెండు, మూడు మార్పులు మామూలుగానే వస్తాయట. అంటే మనందరి తలలోనూ ఇవి ఉన్నట్టే. తేడా ఎక్కడంటే, ఆటిజం ఉన్నవారి మెదళ్లలో జన్యువుల్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌ల్లాంటి భాగాల్లో ఈ మార్పులు ఎక్కువగా కనిపించాయి. దోషం పడటం కాదు, అది ఎక్కడ పడిందన్నదే ముఖ్యం.

అలాగని ఆటిజం అంతా ఇలాగే వస్తుందనుకుంటే పొరపాటే. ఇది ఒక్క జన్యువుతో తేలే లెక్క కాదు. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఆటిజంతో ముడిపడిన 102 జన్యువుల్ని గుర్తించింది. ఫ్రాజైల్ ఎక్స్ లాంటివి తల్లి నుంచి రావొచ్చు. మరోవైపు తండ్రి వయసు పెరిగేకొద్దీ వీర్యకణాల్లో కొత్త మార్పులు పెరుగుతాయని ఐస్‌లాండ్ పరిశోధకులు 2012లోనే చూపించారు. ఆ మాట మాత్రం మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు!

మరి మేనరికాల సంగతి? మన దగ్గర ఇది అడగాల్సిన ప్రశ్నే. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఒకే లోపం ఉన్న జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. 2008లో వాల్ష్ బృందమే ఇలాంటి కుటుంబాలను పరిశీలించి ఆటిజంతో సంబంధమున్న కొన్ని జన్యువుల్ని పట్టుకుంది. అయినా మేనరికం చేసుకోని ఇళ్లలోనూ ఆటిజం వస్తుంది, చేసుకున్న చాలా ఇళ్లలో రాదు.

మిర్చి, పత్తి చేల పక్కన ఉండేవాళ్లకు ఇంకో అనుమానం కూడా ఉంటుంది. పురుగుమందులు కారణమా? కాలిఫోర్నియాలో 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొట్టే పొలాల దగ్గర గర్భంతో ఉన్నప్పుడు నివసించిన తల్లుల పిల్లల్లో ఆటిజం ముప్పు 60 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధమే, రుజువు కాదు. అయినా మందు కొట్టే రోజుల్లో గర్భిణిని చేలోకి పంపకపోవడానికి ఈ మాత్రం చాలు. టీకాలపై అనుమానానికి మాత్రం ఆధారమే లేదు. 1998లో ఆ ప్రచారానికి మూలమైన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు అసలు చిక్కు. వేలకు వేలు పోసి జన్యు పరీక్ష చేయిస్తే అంతా తేలిపోతుందా? తేలకపోవచ్చు. పరీక్షకు తీసేది రక్తం. మార్పు మెదడు కణాల్లోనే ఉంటే రక్తంలో కనపడదు. బతికున్న పిల్లాడి మెదడు నుంచి ముక్క తీసి చూడలేరు కదా! కాబట్టి రిపోర్టులో ‘ఏమీ దొరకలేదు’ అని వస్తే జన్యు కారణం లేదని కాదు, ఆ పరీక్షకు దొరకలేదని మాత్రమే. అలాగని పరీక్ష దండగ కాదు. రెండో బిడ్డను కనాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. ఇంట్లో ఒకరికి ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు 20 శాతం. పరీక్షలో కొత్తగా పుట్టిన మార్పు బయటపడితే ఆ ముప్పు సాధారణంగా బాగా తగ్గుతుంది. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ ఇలాంటి జన్యు పరీక్షలకు పేరున్న ప్రభుత్వ సంస్థ.

అయితే థెరపీ మాత్రం రిపోర్టు కోసం ఆగకూడదు. మాట, ఆట, ప్రవర్తన మీద శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. ఆటిజాన్ని నిర్ధారించేది రక్త పరీక్ష కాదు, పిల్లల ప్రవర్తనను గమనించే పరీక్షలే. మన దేశంలో సర్టిఫికెట్ కోసం వాడే 40 అంశాల ‘ఇసా’ స్కేల్‌ను తయారు చేసింది సికింద్రాబాద్‌లోని సంస్థే. దాన్ని ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా చూస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. సర్టిఫికెట్ చేతికొస్తే నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. థెరపీ ఖర్చులకు కూడా ఇది వర్తిస్తుంది.